పరదేశి చేతి కాగితము – న్యాయవిద్యార్థుల కర్తవ్యము

(ఒక పట్టణ పఠనమందిరమున న్యాయశాస్త్ర విద్యార్థులను, పురజనులను ఉద్దేశించి మేము చేసిన యుపన్యాసపాఠము)



న్యాయశాస్త్రము చదువుచున్న విద్యార్థులు స్వదేశము విడిచి పరదేశమునకు వచ్చి చిక్కులలో పడినవారికి ఎట్టి సహాయము చేయగలరో నాలుగు మాటలు చెప్పుమని ఈ పఠనమందిర కార్యదర్శిగారు మమ్ము కోరిరి. విషయము గొప్పదే గాని, దానిని గూర్చి ఉపదేశించుటకు మాకు గల యర్హత కొంచెము. ఈ విషయమున మేము ఒక పొరపాటు చేసినవారము. ఆ పొరపాటును ముందుగా సభవారి యెదుట నివేదించి, పిదప ప్రకృతాంశమునకు వత్తుము.

2019వ సంవత్సరము జనవరి నెలాఖరున అమెరికాలో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమను పేర చేరిన విదేశ విద్యార్థులను అచ్చటి అధికారులు పట్టి నిర్బంధించిరి. మిషిగన్ రాష్ట్రమున వెలసిన ఆ విశ్వవిద్యాలయమునకు పేరు కలదు, కచేరీ కలదు, చిహ్నము కలదు. పాఠములు లేవు, ఉపాధ్యాయులు లేరు. దానిని నెలకొల్పినవారు ఆ దేశపు హోంలాండ్ సెక్యూరిటీ శాఖవారే. చదువు లేని చోట చదువుచున్నట్లు చూపి వీసా నిలుపుకొనజూచిరని ప్రభుత్వమువారి యారోపణము; గుర్తింపు గల కళాశాల యని నమ్మి మోసపోయితిమని పలువురు విద్యార్థుల మొర. ఆ తగవు ఈ సభలో తీర్చవలసినది కాదు. మొదటి దినములలో పట్టువడిన సుమారు 130 మందిలో ఒక్కరు దప్ప అందరును భారతీయులు. వారిలో పెక్కుమంది తెలుగు పిల్లలు.

ఆ దినములలో ఒక సాయంకాలము, ఉద్యోగము చాలించుకొన్న బడిపంతులొకరు మా కచేరీకి వచ్చిరి. కుమారుని స్నేహితుడు పంపిన ఒక కాగితపు నకలును ఫోనులో మాకు చూపి, "అయ్యా ప్లీడరుగారూ! మావాడు దీనిమీద సంతకము పెట్టవలెనా, వలదా? పెట్టినచో వెంటనే పంపివేయుదురట. పెట్టకున్న ఎన్నాళ్లు లోపల నుంచెదరో తెలియదట" అనిరి. మేము అప్పటికి పదునేడేండ్లుగా ప్లీడరీ చేయుచున్నవారము. ఆంగ్లము వచ్చును గనుక కాగితమును ఈ చివరనుండి ఆ చివరవరకు చదివితిమి. అక్షరములు బోధపడినవి, వాని వెనుకనున్న శాసనము బోధపడలేదు. బోధపడలేదని చెప్పుటకు నోరు రాలేదు. "ఎట్లైనను రావలసినదే గదా పంతులుగారూ! సంతకము పెట్టి వచ్చివేయుమనుడు" అని చెప్పి పంపితిమి.

నాలుగు వారముల పిదప ఆయన మరల వచ్చి, ఎంతయో సంకోచముతో, "మీరు చెప్పినట్లు చేయలేదండీ, మరొకలాగున అనుకొనకుడు" అనిరి. జరిగిన దేమనగా, అచ్చటి యొక న్యాయకళాశాలలో చదువుచున్న విద్యార్థిని, తన యుపాధ్యాయుని యాజ్ఞానుసారము, నిర్బంధములోనున్న ఆ పిల్లవానితో మాటలాడి ఆ కాగితమునకు అర్థము చెప్పెనట. బహిష్కరణకు ఒప్పుకొని సంతకము చేసినచో పదియేండ్లవరకు ప్రత్యేకానుమతి లేక ఆ దేశమున మరల అడుగుపెట్టరాదు. అట్లుగాక, న్యాయాధిపతి యనుమతితో తన ఖర్చుమీద తానే వెడలిపోయినచో ఆ పదియేండ్ల యాటంకము తగులదు. ఇంటికి చేర్చు త్రోవలు రెండును ఒకటివలెనే కనబడును. ఒకదాని వెనుక తలుపు మూయబడును, రెండవదాని వెనుక మూయబడదు. పిల్లవాడు సంతకము చేయక, రెండవదానిని కోరి, దానినే పొంది యిల్లు చేరెను.

పదునేడేండ్ల ప్లీడరు చెప్పిన మాట తప్పయ్యెను. ఇంకను పట్టా చేతికి రాని పిల్ల చెప్పినది ఒప్పయ్యెను. మేము ఈ వేదికమీద నిలుచుటకు కారణ మదియే.

ఇక ప్రకృతాంశము. అమెరికాలో దొంగతనము చేసి పట్టువడిన బీదవానికి ప్రభుత్వమువారే వకీలును ఇయ్యవలెను. కాని దేశమునుండి వెడలగొట్టుటకై విచారణకు తేబడిన పరదేశికి అట్టి హక్కు లేదు. ఏలయనగా దేశమునుండి పంపివేయుట శిక్ష కాదని ఆ దేశపు సుప్రీంకోర్టు 1893లో ఒక చీనా కూలీ వ్యవహారమున తీర్మానించెను. శిక్ష కాదు గనుక అది సివిలు వ్యవహార మయ్యెను. సివిలు వ్యవహారము గనుక వకీలును పెట్టుకొను హక్కు కలదు గాని, ప్రభుత్వపు ఖర్చుమీద గాదని శాసనములోనే వ్రాసిరి. ఒంటరిగా వచ్చిన పసిపిల్లకైనను సామాన్యముగా ఇదియే నియమము. ఎదుట ప్రభుత్వపక్షమున శాసనమెరిగిన వకీలు నిలుచును. ఇవతల భాష రానివాడు, లేదా భాష వచ్చియు శాసనము రానివాడు ఒంటరిగా నిలుచును. 2007 మొదలు 2012 వరకు జరిగిన ఇట్టి వ్యవహారములను పరిశీలించి 2015లో ఇద్దరు పండితులు ప్రకటించిన లెక్క ప్రకారము, నూటికి 37 మందికి మాత్రమే వకీలు దొరికెను. నిర్బంధములో నుంచబడినవారిలోనైతే నూటికి 14 మందికే.

ఈ లోటును కొంతవరకైన పూడ్చుచున్నవారిలో న్యాయకళాశాలల విద్యార్థులు ముఖ్యులు. వైద్యకళాశాలకు ఆసుపత్రి యెట్టిదో, అచ్చటి న్యాయకళాశాలలకు క్లినిక్కు అట్టిది. విద్యార్థి కక్షిదారుతో మాటలాడును, వాఙ్మూలము వ్రాసికొనును, సాక్ష్యము కూర్చును, అర్జీ వ్రాయును. పట్టా గల ఉపాధ్యాయుడు ప్రతి పంక్తిని సరిచూచును. ప్రతిఫలము పుచ్చుకొనక, ఉపాధ్యాయుని పర్యవేక్షణలో, అధికారి యనుమతితో, వలస న్యాయస్థానమున విద్యార్థియే నిలిచి వాదించుటకు సైతము అచ్చటి నిబంధనలు అవకాశ మిచ్చుచున్నవి.

ఇట్టి విద్యార్థులవలన ఏమగునని శంకించువారికై ఒక చరిత్ర చెప్పుదుము.

1991 సెప్టెంబరు నెలాఖరున హైతీ దేశమున సైనికులు తిరుగబడి, ప్రజలెన్నుకొన్న అధ్యక్షుడగు అరిస్టీడును తరిమివేసిరి. వేలకొలది జనము చిల్లుల పడవలెక్కి సముద్రముమీద పడిరి. అటుపిమ్మటి ఆరు మాసములలో అమెరికా తీరరక్షక నౌకలవారు 34 వేలమందికి పైగా నడిసముద్రమున పట్టుకొనిరి. అనేకులను క్యూబాలోని గ్వాంటనామో నౌకాస్థావరమునకు చేర్చి విచారించిరి. భయమునకు తగిన కారణమున్నదని తేలినవారిలోనే హెచ్.ఐ.వి. సోకినవారు కొందరుండిరి. ఆ రోగము గలవారిని నాటి శాసనము దేశములోనికి రానీయదు. భయము నిజమని తేలినవారిని తిరిగి పంపుటకును వీలు లేదు. కావున ముండ్లతీగల నడుమ గుడారములలో వారి నుంచిరి. వకీలు వారి మొగము చూచుటకు వీలులేకుండెను.

1992 మార్చిలో యేల్ న్యాయకళాశాల విద్యార్థులు, ఆచార్యుడగు హెరాల్డ్ కో, న్యాయవాదియగు మైకేల్ రాట్నర్ మున్నగువారి నాయకత్వమున, బ్రూక్లిన్‌లోని ఫెడరలు న్యాయస్థానమున దావా వేసిరి. అది పస లేని దావా యనియు, తెచ్చినవారికి జరిమానా విధింపవలెననియు ప్రభుత్వపక్షమువారు కోరిరి. విద్యార్థులు జంకలేదు. పరీక్షలకు చదువవలసిన రాత్రులలో అర్జీలు వ్రాసిరి. గ్వాంటనామోకు పోయి శరణార్థుల మాటలను స్వయముగా వ్రాసికొనిరి. 1993 జనవరి చివర శరణార్థులు నిరాహారవ్రతము పూనగా, ఇచ్చట విద్యార్థులును వంతులవారీగా ఉపవాసములు చేసిరి. ఆ ఉపవాసములు ఇతర కళాశాలలకును వ్యాపించెను. 1993 జూన్ 8వ తేదీన న్యాయమూర్తి స్టెర్లింగ్ జాన్సన్ ఆ నిర్బంధము రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పెను. ఆ నెలలోనే అచ్చట మిగిలియున్నవారు విడుదలయై అమెరికా గడ్డమీద అడుగుపెట్టిరి.

సోదరులారా! కథ ఇచ్చటితో ముగిసినచో వినుటకు సొంపుగనే యుండును. కాని ముగియలేదు. 1992 మే నెలలో అధ్యక్షుడు బుష్ మరొక ఆజ్ఞ చేసి, పడవలలో దొరికినవారిని ఏ విచారణయు లేకయే హైతీకి త్రిప్పిపంపవలెనని శాసించియుండెను. దానినిగూర్చిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1993 జూన్ 21వ తేదీన, ఎనిమిదిమంది యొకవైపును, న్యాయమూర్తి బ్లాక్‌మన్ ఒక్కడు వేరొకవైపును నిలువగా, ప్రభుత్వము చేసినది శాసనవిరుద్ధము కాదని తేల్చెను. జూన్ 8న గెలిచినవారు జూన్ 21న ఓడిరి. అంతియేగాదు, గెలిచిన తీర్పు సైతము నిలువలేదు. దానిపై అప్పీలుకు పోకుండుటకు ప్రతిగా ఆ తీర్పును రద్దుచేయుటకు ఒప్పుకొనుమని ప్రభుత్వము కోరగా, 1994లో వాదులు అట్లే ఒప్పుకొనిరి. విడుదలయైనవారు విడుదలయైనట్లే యుండిరి. వారిని విడిపించిన తీర్పు మాత్రము పుస్తకమునుండి తుడిచివేయబడెను. 2002 జనవరిలో అదే గ్వాంటనామోలో వేరొక నిర్బంధశాల తెరువబడినప్పుడు, ఆ తీర్పు నిలిచియున్న బాగుండెడిదని విచారించినవారు లేకపోలేదు.

మనుష్యుని రక్షింపవలెనా, సూత్రమును రక్షింపవలెనా? ఈ ప్రశ్న తరగతిలో సులభము. గుడారములో రోగముతో పడియున్న మనుష్యుడు కక్షిదారైనప్పుడు అది సులభము కాదు. మీరు ఆ విద్యార్థులవలె పనిలో దిగినచో మీకును ఈ ప్రశ్న ఎదురగును. కక్షిదారు తనది, వ్యాజ్యము తనది, నిర్ణయమును తనదే. మన పేరు గ్రంథములకెక్కుటకై ఆతని బ్రదుకును పణముగా నొడ్డు హక్కు మనకు లేదు. దీనిని ముందుగనే యెరిగి దిగవలెను.

అయినను ఆ కృషి వ్యర్థముగాలేదు. 2008లో అదే యేల్ కళాశాల విద్యార్థులు ఇరాకు శరణార్థుల సహాయార్థము ఒక సంస్థను నెలకొల్పిరి. అది పెరిగి నేడు ఐ.ఆర్.ఏ.పి. యను పేర నిలిచియున్నది. 2017 జనవరి 27న అధ్యక్షుడు ట్రంప్ ఏడు దేశములవారి ప్రవేశమును నిషేధింపగా, ఆ రాత్రి విమానములలో దిగినవారు విమానాశ్రయములలోనే నిర్బంధింపబడిరి. ఆ సంస్థవారును, ఇతర న్యాయవాదులును, యేల్ క్లినిక్కు విద్యార్థులును రాత్రియంతయు మేల్కొని హేబియస్ కార్పస్ అర్జీ సిద్ధపరచి, తెల్లవారునప్పటికి దాఖలు చేసిరి. ఎచ్చట? పూర్వము హైతీవారి దావా పడిన ఆ బ్రూక్లిన్ న్యాయస్థానముననే. ఆ సాయంకాలమే న్యాయమూర్తి ఆన్ డానెలీ, పట్టువడినవారిని వెడలగొట్టరాదని నిలుపుదల యుత్తరు విచ్చెను. తరువాతి కథయు ఒడుదుడుకులదే. నిషేధపు మూడవ రూపమును 2018 జూన్ 26న సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి ఆమోదించెను. 2021 జనవరిలో అది రద్దయ్యెను. 2025 జూన్‌లో వేరొక నిషేధము వచ్చెను. అలలు వచ్చును, పోవును. ఒడ్డున తాడు పట్టుకొని నిలుచువారు ఎల్లప్పుడును కావలెను.

ఇది అమెరికావారి కథ, మనకేల యని మీరనవచ్చును. ఇది మన కథకూడ. 1860 నవంబరులో మద్రాసునుండి మొదటి కూలీలతో పోయి డర్బను రేవున నిలిచిన ట్రూరో ఓడనాటినుండి, తమిళులతోపాటు తెలుగువారును నేటాలు చెరకుతోటలలో ఒప్పందపు కూలీలై చెమటోడ్చిరి. 1894లో అట్టి కూలీయొకడు, బాలసుందరమను తమిళుడు, యజమాని కొట్టిన దెబ్బలకు పండ్లు విరిగి నోట నెత్తురు కారుచుండగా, తలపాగ చేత పట్టుకొని ఒక పడుచు బారిష్టరు కచేరీకి వచ్చెను. ఆ బారిష్టరు అచ్చట ప్రాక్టీసు ప్రారంభించి మూడు నాలుగు మాసములైన కాలేదు. ఆయన మొదట ఆ కూలీని తలపాగ పెట్టుకొనుమనెను. పిదప వైద్యునివద్దకు పంపి ధ్రువపత్రము తెప్పించెను. యజమానిని చెరసాలకు పంపుటకంటె కూలీకి ఆతనినుండి విముక్తి ముఖ్యమని యెంచి, ఒప్పందమును మరొక యజమానికి మార్పించెను. ఆ పడుచు బారిష్టరే మహాత్మా గాంధి. గుర్తుంచుకొనుడు: మహాత్ముడు ఆ దినమున గొప్ప వాదమేమియు చేయలేదు. ఒక కాగితము తెప్పించెను, మరొక కాగితము మార్పించెను, మనుష్యుని తలపాగ మనుష్యుని తలమీదనే నిలిపెను.

బర్మా సంగతి మన తాతలకు తెలియును. కోరంగి రేవునుండి, విశాఖపట్టణమునుండి ఓడలెక్కి రంగూను రేవులో మూటలు మోసినవారు మనవారే. 1930 మే నెలలో రంగూనున చెలరేగిన అల్లరులలో హతులైన కూలీలలో మనవారెందరో కలరు. 1942లో జపానువారు రాగా, అడవులు కొండలు దాటి కాలినడకను తిరిగివచ్చినవారిలోను, త్రోవలోనే రాలిపోయినవారిలోను మనవారు కలరు. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేర నొక పేట నేటికిని కలదు. ఆ బర్మా దేశమునుండియే తరిమివేయబడిన రొహింగ్యాలు నేడు హైదరాబాదు చెంత బాలాపూరు ప్రాంతమున గుడిసెలలో కాలము గడపుచున్నారు. వారి చేతిలోను కాగితములే యున్నవి. వానిని చదివి చెప్పువారు అరుదు.

శరణార్థులను గూర్చిన 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశము చేరలేదు. శరణార్థులకు వేరుగ శాసనము లేదు. 1946 నాటి విదేశీయుల చట్టము పోయి, దాని స్థానమున 2025లో క్రొత్త వలస–విదేశీయుల చట్టము వచ్చినది. కాని మన రాజ్యాంగపు 21వ అధికరణము పౌరుడని చెప్పక మనుష్యుడని చెప్పుచున్నది. అరుణాచల ప్రదేశములోని చక్మాల వ్యవహారమున సుప్రీంకోర్టు 1996లో దీనినే స్థిరపరచెను. మరియు 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము స్త్రీలకు, పిల్లలకు, నిర్బంధములోనున్నవారికి ఉచితముగా న్యాయసహాయము వాగ్దానము చేయుచున్నది. పౌరులకే యని అచ్చట వ్రాయలేదు. అమెరికా శాసనము ఇయ్యనిదానిని మన శాసనము మాటలలో ఇచ్చుచున్నది. ఆ మాట గుడిసెదాక పోవుటయే కొరత. దానిని మోసికొని పోవువారెవరు? మీరే.

మన బీదలకే దిక్కులేనప్పుడు పరదేశుల సంగతి మనకేల యని కొంద రందురు. ఈ మాటను మేము తేలికగా త్రోసివేయము. మన బీదల పనికూడ చేయవలసినదే. ఒక బల్లవద్ద కూర్చున్నవాడు ఇద్దరి కాగితములను చదువవచ్చును. దొంగతనముగా వచ్చినవారికి సాయపడుట తప్పుగదా యని మరికొంద రందురు. కాగితము చదివి చెప్పుట దాచిపెట్టుట కాదు. ఉండదగినవాడెవడో పోదగినవాడెవడో తేల్చుటకు ప్రభుత్వమే విచారణ యేర్పరచినప్పుడు, ఆ విచారణలో మనుష్యుని మాట సరిగా వినబడునట్లు చేయుట న్యాయమునకు సాయమే గాని ద్రోహము గాదు. మన పిల్ల వానికి మిషిగనులో ఒక విద్యార్థిని చేసినది ఇంతమాత్రమే. ఆమె మనదేమి? మన భాష యెరుగదు, మన యూరెరుగదు.

కావున ఏమి చేయవలెనో చెప్పి ముగింతుము. 1961 నాటి అడ్వొకేట్ల చట్టము ప్రకారము పట్టా లేనివాడు మన న్యాయస్థానములలో వకాల్తా పుచ్చుకొని వాదింపరాదు. కాని చదువుట, వ్రాయుట, వెంటబోవుట ఎవరును నిషేధింపలేదు. న్యాయకళాశాలలలో సహాయకేంద్రములు పెట్టుటకు న్యాయసేవాధికార సంస్థవారు 2011లోనే నిబంధనలు చేసిరి. అనేక కళాశాలలలో ఆ కేంద్రములకు గది కలదు, పలక కలదు. తలుపునకు తాళమును కలదు. ముందు ఆ తాళము తీయుడు. వారమునకు రెండు సాయంకాలములు, పట్టా గల న్యాయవాది నొకనిని వెంటబెట్టుకొని కూర్చుండుడు. పరదేశమునకు పోవు మన పిల్లల కాగితములు, గల్ఫునుండి తిరిగివచ్చినవారి జీతపు కాగితములు, బాలాపూరు గుడిసెలోని తల్లి చేతి కాగితము, ఏది వచ్చినను చదువుడు.

నాలుగు నియమములు మాత్రము పాటింపుడు. మొదటిది: తెలియనిదానిని తెలియదనుడు, మేము అనలేకపోయితిమి. రెండవది: పెద్ద న్యాయవాదిని అడుగక ఎవ్వరిచేతను సంతకము చేయింపకుడు, వలదనియు చెప్పకుడు. మూడవది: ఆ మనుష్యుని భాష వచ్చిన దుబాసీ లేక వాఙ్మూలము వ్రాయకుడు, విన్నదానిని ఆతనికి మరల చదివి వినిపింపుడు. నాలుగవది: ఆతని రహస్యమును పత్రికకెక్కింపకుడు, ఆతని ఛాయాచిత్రముతో మీ కీర్తిని పెంచుకొనకుడు. ప్రతిఫలము పుచ్చుకొనరాదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ పనికి మా కచేరీలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఉన్న పుస్తకములు సిద్ధముగా నున్నవి. మంగళ, శుక్రవారముల సాయంకాలము మేమును కూర్చుందుము. ఆ పంతులుగారికి మేము పడిన ఋణము తీరునది కాదు. ఆయన యూరి పిల్లలెవరైనను తరువాత కాగితముతో వచ్చినప్పుడు సరియైన మాట చెప్పగలిగినచో కొంత తీరును. రాదలచినవారు ఈ సభ ముగియగానే కార్యదర్శిగారివద్ద పేర్లు వ్రాయించుడు.

సెలవు.